మగ్గాల ఊరు కట్టుకున్న గ్రంథాలయం

చీరాల నుంచి ఒంగోలు వెళ్లే రైలు దారిలో వేటపాలెం ఉంది. చేనేతకూ జీడిపప్పుకూ పేరున్న ఊరు. పుస్తకాలు తెలిసినవాళ్లు మాత్రం ఆ పేరు వినగానే ‘సారస్వత నికేతనం’ అంటారు.

1918 అక్టోబరు 15న ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి, తోటి యువకులు కలిసి హిందూ యువజన సంఘం పేరుతో చిన్న పఠన మందిరం పెట్టారు. అదే తర్వాత సారస్వత నికేతనంగా ఎదిగింది. అప్పటికి నాలుగేళ్ల ముందు, 1914లో, అయ్యంకి వెంకట రమణయ్య వంటివారి కృషితో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. పత్రిక చదవడం, చదువురానివాళ్లకు వినిపించడం దేశసేవలో భాగమని ఊరూరా నమ్మిన రోజులవి.

పక్కనే చీరాల-పేరాల ఉద్యమం రాజుకుంది. మునిసిపాలిటీ పన్ను కట్టబోమంటూ 1921లో జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరు ఖాళీ చేసి రామనగరంలో పాకలు వేసుకున్నారు. ఆ గాలి వేటపాలెం పఠన మందిరానికీ తగిలింది.

1924లో గాంధీజీ అనుచరుడు జమ్నాలాల్ బజాజ్ చేతుల మీదుగా సంస్థ సొంత గూటికి ప్రారంభోత్సవం జరిగింది. పుస్తకాలు పెరిగాయి, చోటు చాలలేదు. 1929లో ఆంధ్రదేశంలో పర్యటిస్తూ వచ్చిన గాంధీజీ కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను గ్రంథాలయం నేటికీ భద్రంగా దాచుకుంది. చూడవచ్చినవాళ్లు ముందుగా అడిగేది దాన్నే.

అసలు సొత్తు మాత్రం బీరువాల్లో ఉంది. వేలాది గ్రంథాలతో పాటు కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక, భారతి వంటి పత్రికల పాత సంపుటాలున్నాయి. చదివి పక్కన పడేసే కాగితాన్ని ఈ ఊరివాళ్లు బైండు చేయించి దాచారు. తెలుగు కథ మీదనో, స్వాతంత్ర్యోద్యమం మీదనో పరిశోధన చేసేవాళ్లు పెద్ద నగరాల్లో దొరకని సంచిక కోసం ఇక్కడికి వస్తారు.

గ్రంథాలయం పుట్టేనాటికి వేటపాలెం గుంటూరు జిల్లాలో ఉంది. 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరింది. ఆ జిల్లాకే తర్వాత ప్రకాశం పేరు వచ్చింది. 2022 నుంచి ఊరు బాపట్ల జిల్లాది. చిరునామా ఇన్నిసార్లు మారినా గ్రంథాలయం ఊరివాళ్ల చేతుల్లోనే నిలిచింది. దాతల చందాలు, కార్యవర్గాల ఓపిక దాన్ని 2018లో నూరేళ్ల మైలురాయి దాటించాయి.

ఇప్పుడు దాని శత్రువులు చెద, చెమ్మ, కాలం. పాత కాగితం ముట్టుకుంటే పెళుసుగా విరుగుతుంది. మీ ఇంటి అటక మీద తాతలనాటి పత్రికలుంటే తూకానికి వేయకండి. వేటపాలెంలో వాటిని చదివేవాళ్లున్నారు. వీలైతే ఒక పూట అక్కడ కూర్చుని, మీ ఊరి పేరు ఏ పాత సంచికలోనైనా ఉందేమో వెతకండి.