నువ్వులపొడి పులుసు: కడంబత్తూరు వైపు నుంచి ఒక పరిశీలన

తెలుగువారి భోజన చరిత్ర రాసేవారు సాధారణంగా కావ్యాలతో మొదలుపెడతారు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన విందు అందరికీ తెలిసిందే. అక్కడ మిరియాల పొడి ఉంది, ముక్కుకెక్కే ఆవపచ్చడి ఉంది. కాని మామూలు ఇంట్లో పులుసు చిక్కబడడానికి ఏ గింజ నూరేవారో తెలుసుకోవాలంటే కావ్యం కంటె మాటలను, పంటలను అడగడం మేలు.

ముందు వంట సంగతి. నువ్వులను సన్నసెగ మీద చిటపటలాడేదాకా దోరగా వేయించి, చల్లారాక ఎండుమిరపకాయలతో కలిపి దంచుతారు. వంకాయ పులుసో, బెండకాయ పులుసో దించేముందు ఆ పొడి కలుపుతారు. బియ్యప్పిండి ఉడికి ఉబ్బి పులుసును చిక్కబరుస్తుంది. నువ్వు అలా కాదు. గింజ బరువులో దాదాపు సగం నూనె. మెత్తని పొడీ ఆ నూనే చింతపండు రసంలో కలిసిపోవడమే చిక్కదనం. ఎక్కువసేపు మరిగిస్తే నూనె పైకి తేలుతుంది. తెలంగాణ పచ్చిపులుసుకైతే పొయ్యి పనే లేదు, నువ్వులపొడి నేరుగా కలుపుతారు.

ఇక మాటలు. నువ్వు, నెయ్యి కలిసి ‘నూనె’ అయింది. తమిళంలో నువ్వు ‘ఎళ్’, నూనె ‘ఎణ్ణెయ్’, అదే పద్ధతి. అంటే రెండు భాషలవారికీ మొదట నూనె అంటే నువ్వులనూనే. తరువాత ఆ మాట అన్ని నూనెలకూ వ్యాపించాక, అసలుదానికి వేరే పేరు కావలసివచ్చింది. తమిళులు ‘నల్లెణ్ణెయ్’ అన్నారు, మనవారు ‘మంచినూనె’ అన్నారు. రెండింటి అర్థమూ ఒకటే! ‘పులుసు’ కూడా తమిళ ‘పుళి’కి చుట్టమే. ఈ పోలిక గుంటూరులో చదివే విద్యార్థికి నిఘంటువు చూస్తేగాని తెలియదు. తిరువళ్ళూరుకూ అరక్కోణానికీ నడుమ, రైలుమార్గం మీదున్న కడంబత్తూరు వంటి ఊళ్ళో తెలుగు ఇంటి పిల్లకు వీధిలో ఒక మాట, ఇంట్లో ఒక మాట చెవిన పడతాయి.

నువ్వుకు పోటీ సముద్రం అవతలినుంచి వచ్చింది. దక్షిణ అమెరికా పంట అయిన వేరుశనగ 19వ శతాబ్దిలో దక్షిణార్కాటు జిల్లాలో విస్తరించింది; పుదుచ్చేరి రేవు నుంచి ఫ్రాన్సులోని మార్సేయికి ఎగుమతి అయింది. 20వ శతాబ్దిలో చిత్తూరు, అనంతపురం మెట్టపొలాలూ దాని వశమయ్యాయి. పొలంలో మారిన గింజ రోట్లోనూ మారింది. రాయలసీమ పులుసుల్లో చెనక్కాయల పొడి అనాదిగా ఉన్నదనుకునేవారున్నారు. దాని వయసు మహా అయితే కొన్ని తరాలు. ఎండుమిరప కూడా పోర్చుగీసువారి రాక తరువాతిదే.

1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరింది. చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు ప్రాంతం ఆంధ్రలో కలిసింది. కడంబత్తూరు మద్రాసు వైపే ఉండిపోయింది. ఆ వివాదంలో రెండు పక్షాలూ జనాభా లెక్కలు చూపాయి, ఊళ్ళ పేర్లు చూపాయి. వంటింటి మాటలను ఎవరూ సాక్ష్యానికి పిలవలేదు. ఆ మాటలు పలికే పెద్దలు కొందరు ఇంకా ఉన్నారు. ఆ ప్రాంతం నుంచి వచ్చిన విద్యార్థులు సెలవులకు వెళ్ళినప్పుడు మూడు సంగతులు అడిగి రాసుకురావాలి: పులుసులో ఏ పొడి కలుపుతారు, దాన్ని ఏమని పిలుస్తారు, ఆ గింజ ఒకప్పుడు సొంత పొలంలో పండేదా, అంగట్లో కొనేవారా.