పద్యం రికార్డుకెక్కిన కథ

ఎలమంచిలి చుట్టుపక్కల ఊళ్లలో అమ్మవారి పండగలకు ఇప్పటికీ పద్యనాటకం ఆడిస్తారు. హరిశ్చంద్రలో కాటి సీను, రాయబారంలో పడక సీను అంటే జనం చాపలు పట్టుకుని ముందే వచ్చి కూర్చుంటారు. హార్మోనియం శ్రుతి అందగానే నటుడు మైకు ముందుకొచ్చి పద్యం ఎత్తుకుంటాడు. పద్యం నాలుగు పాదాలే. చివరి రాగం మాత్రం ఊపిరి ఉన్నంతసేపు. ఆపైన వన్స్‌మోర్. యూరప్‌కు గ్రాండ్ ఒపెరా ఎంతో మనకు పద్యనాటకం అంత.

ఆ రాగానికి మొదట కళ్లెం వేసింది గ్రామఫోను. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే తిరుగుతుంది. స్టేజీ మీద నిమిషాల తరబడి సాగే ఆలాపనను అందులో ఇమడ్చాలి. అలా కుదించి పాడిన అద్దంకి శ్రీరామమూర్తి, కల్యాణం రఘురామయ్యల గొంతులు నాటకం చూడనివాళ్ల ఇళ్లకూ చేరాయి.

తర్వాత టాకీ. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన 'భక్త ప్రహ్లాద'లో కథ నాటకం నుంచి వచ్చిందే, నటులూ అక్కడి నుంచి వచ్చినవారే. లీలావతి సురభి కమలాబాయి. 1936లో ద్రౌపది కథ మీద రెండు సినిమాలు పోటీపడ్డాయి. ఒకదానిలో దుర్యోధనుడు బళ్లారి రాఘవ, రెండోదానిలో యడవల్లి సూర్యనారాయణ. ఇద్దరూ రంగస్థలం దిగ్గజాలే.

పేరడీ పుట్టాలంటే అసలుది అందరి నోళ్లలోనూ నానాలి. ఆ పని రికార్డులు చేశాయి. 1957లో వచ్చిన 'మాయాబజార్' చూడండి. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. సావిత్రి ఒళ్లు మరిచి మగటిమితో చిందేసి, చప్పున సర్దుకుని సిగ్గు ఒలకబోస్తుంది. సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూసుకొస్తుంది. మగవాడైన స్థానం నరసింహారావు సత్యభామగా మెప్పించిన సంప్రదాయాన్ని ఆ సీను తలకిందులు చేసింది. నా దృష్టిలో తెలుగు తెరమీద నాటకానికి అంతకు మించిన పేరడీ లేదు. అందులో వెక్కిరింత లేదు, ప్రేమే ఉంది. అదే ఏడాది అమెరికాలో చక్ జోన్స్ వాగ్నర్ ఒపెరాలను ఏడు నిమిషాల కుందేలు కార్టూనుగా మలిచాడు. 1964లో వియన్నాలో ఆ వాగ్నర్‌దే ఒక ఒపెరా రికార్డింగును బీబీసీ సినిమా తీసింది. గాయని నిల్సన్‌ను ఆశ్చర్యపరచడానికి స్టూడియోలోకి నిజం గుర్రాన్నే తోలుకొచ్చారు.

మన నాటక రికార్డింగుల మీద అలాంటి సినిమా రావలసి ఉంది. కవి ఆరుద్ర 1925లో పుట్టింది మొదట చెప్పుకున్న ఎలమంచిలిలోనే. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన చేత్తోనే కూనలమ్మ పదాలు చమత్కరించారాయన. ఆయన ఊరివాళ్లకు ఒక్కటే విన్నపం: ఈసారి పండగకు నాటకం పడితే, చివరి రాగం తెగకుండా మొత్తం రికార్డు చేసి దాచండి.