వేల లెక్క ఉంది, ఊపిరి లెక్క లేదు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో బీడీ పని చరిత్రంతా లెక్కల చరిత్రే. ఒళ్లో చాట, చాటలో తంబాకు, నానబెట్టి కత్తిరించిన తునికాకు. కార్ఖానాలో అప్పజెప్పిన బీడీలకు వెయ్యికింత అని కూలి. 1966 చట్టం ఇంటి దగ్గర బీడీలు చేసే ఆడవాళ్లనూ కార్మికులుగా గుర్తించింది. 1976లో సంక్షేమ నిధి వచ్చింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం నెలకు 1000 రూపాయల జీవనభృతి మొదలుపెట్టినప్పుడు పీఎఫ్ ఖాతా ఆధారమైంది. ఇన్ని కాగితాల్లో బీడీలు చేసే ఆడమనిషి ఎన్ని వేలు చేసిందో ఉంటుంది గానీ, ఎన్నేళ్లు తంబాకు దుమ్ము పీల్చిందో ఉండదు. సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) దగ్గరా అంతే, మీటర్ల లెక్కే. ఊపిరితిత్తుల గడ్డల గుట్టు మాస్ స్పెక్ట్రోమీటర్, కృత్రిమ మేధ కలిసి విప్పుతున్న ఈ రోజుల్లో ఆ లోటు ఖరీదైనదని నా వాదన.

1919లో ఆస్టన్ ఐసోటోపులను తూచడానికి తయారుచేసిన ఈ యంత్రానికి ప్రొటీన్లను కూడా తూచే దారి చూపినందుకు ఫెన్, తనాకాలకు 2002లో నోబెల్ దక్కింది. గడ్డ ముక్క మీద లేజర్ పడితే అణువులు లేస్తాయి, వాటి బరువులు శిఖరాల వరుసగా తెర మీద కనిపిస్తాయి. ఏ వరుస ఏ రకం క్యాన్సర్‌దో కంప్యూటర్ పాత రోగుల నమూనాల నుంచి నేర్చుకుంటుంది. కిటుకంతా ఆ పాత రోగులెవరన్న దాంట్లోనే ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక తరహా మందు ఎవరికి పనిచేస్తుందో సీరం చూసి చెప్పే పద్ధతి 2007లో వెలువడింది. దానికి పాఠం నేర్పింది ఇటలీ, జపాన్ రోగులు. ఆ పాఠం కోరుట్లలో చెల్లుతుందా లేదా అన్నది కోరుట్ల నమూనాలతో చూస్తేనే తేలుతుంది.

అణువుకు ఊరూ పేరూ ఉంటాయా అనొచ్చు. ఉండవు, నిజమే. కానీ యంత్రం చేసేది పోలిక. క్షయ ఇంకా పోని మన దగ్గర ఎక్స్‌రేలో కనిపించే మచ్చ క్షయదో క్యాన్సర్‌దో తేల్చడమే అసలు చిక్కు. క్షయ రోగులను చూడని యంత్రానికి ఆ తేడా ఎవరు నేర్పాలి? బీడీ చేయడం, తాగడం ఒకటి కాదన్న అభ్యంతరమూ న్యాయమైనదే. తాగేవాళ్లకు క్యాన్సర్ ముప్పు రుజువైంది, చేసేవాళ్ల విషయంలో అంత గట్టి రుజువు లేదు. అయితే పొగతాగని బీడీ కార్మికుల మూత్రంలోనూ కొటినిన్ కనిపించింది, అంటే నికోటిన్ ఒంట్లోకి పోతోంది. తేలని ప్రశ్న కాబట్టే నమోదు కావాలి.

జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. దగ్గుతో వచ్చిన ఆడమనిషి కేస్ షీట్‌లో ‘గృహిణి’ అని రాసి వదిలేయకుండా, బీడీలు ఎన్నేళ్లు చేసిందో, క్షయ మందులు వాడిందో లేదో అక్కడి డాక్టర్లు అడిగి రాయాలి. దానికి యంత్రం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.