మరాఠీ పంచాంగములు: అంతర్జాలమున ఉచిత వితరణము

మహారాష్ట్రమున వ్రతములకును, ఉత్సవములకును, వివాహాది శుభకార్యములకును ప్రమాణముగా గ్రహింపబడుచున్న పంచాంగములను, వాని గణిత పద్ధతులతో కూడ, మూల్యము లేకుండ సర్వజనులకును అంతర్జాలము మూలమున అందించు ప్రయత్నమే ఇచట ప్రస్తావితము. అమాంత మాసగణనయు, ప్రభవాది సంవత్సర నామములును మరాఠీలకును మనకును సమానములగుటచే వారి గుడీ పాడ్వాయు మన ఉగాదియు సాధారణముగా ఒకే దినమున వచ్చును.

కొంకణ తీరవాసియగు గణేశదైవజ్ఞుడు 1520 ప్రాంతమున రచించిన గ్రహలాఘవమును ఆధారముగా గొని గ్రామజోశీలు, అనగా ఊరి జ్యోతిష్కులు, శతాబ్దములపాటు తిథులను గణించి చెప్పుచుండిరి. 1831లో గణపత్ కృష్ణాజీ బొంబాయి నగరమున శిలాముద్రణముతో మరాఠీ పంచాంగమును వెలువరించెను. అచ్చుసిరాలో జంతువుల కొవ్వు కలియునని శంకించు ఛాందసుల తృప్తికై ఆయన నేతితో సిరా చేయించెనని ప్రతీతి. పిమ్మట షోలాపురపు దాతే పంచాంగమును, 1973లో జయంత్ సాళగావ్‌కర్ ఆరంభించిన కాలనిర్ణయ్ దినదర్శికయు ఇంటింటికిని చేరినవి.

ఉచిత వితరణమునకు అసలు చిక్కు యంత్రములలో లేదు, మతభేదములలో కలదు. 1865లో కేరో లక్ష్మణ్ ఛత్రే ఆకాశమున కనబడు గ్రహస్థితికి సరిపడు దృగ్గణితముననుసరించి పటవర్ధనీ పంచాంగమును ప్రవర్తింపజేసి, రేవతీ తారను రాశిచక్రమునకు ఆదిగా గైకొనెను. వేంకటేశ బాపూజీ కేత్కర్ చిత్రా తారను ఆశ్రయించెను. ఈ రెండు పక్షముల అయనాంశలకు, అనగా వసంత విషువత్తునుండి రాశిచక్రాదికి గల దూరములకు, సుమారు నాలుగంశల భేదము కలదు. తిథి యనునది సూర్యచంద్రుల నడిమి పండ్రెండేసి అంశల ఎడమును బట్టి ఏర్పడునది గాన దానికి ఈ భేదము తగులదు. సంక్రాంతులు మాత్రము కొన్ని దినములు మారును; సంక్రాంతి లేని చాంద్రమాసమే అధికమాసము గాన ఒక్కొక్కప్పుడు అధికమాసమే వేరగును. అందుచేతనే రేవతీ పక్షీయమగు తిలక్ పంచాంగము ననుసరించువారు కొన్ని యేండ్లలో తక్కినవారికంటె నెలముందుగా దీపావళి జరుపుకొందురు.

స్థలభేదము మరియొకటి. కృష్ణపక్షపు చవితియగు సంకష్టీ చతుర్థినాడు ఉపవసించువారికి చంద్రోదయమైన పిమ్మటనే భోజనము. నాగపురమున చంద్రుడు ముంబయికంటె రమారమి 25 నిమిషములు ముందుగా ఉదయించును. ఒక నగరమునకు అచ్చయిన పట్టిక అన్నిచోట్లకును సరిపడదు కనుక, స్విస్ ఎఫెమెరిస్ వంటి బహిరంగ గణన సాధనములతో ఏ ఊరికాయూరి కాలమును లెక్కించి యిచ్చుట అంతర్జాలమునకే సాధ్యమగు సౌకర్యము. అయినను గణితమొక్కటియే చాలదు. ఏకాదశి స్మార్తులకెప్పుడు, విఠ్ఠలభక్తులగు వారకరీ భాగవతులకెప్పుడు అనునది పంఢరపురవాసియగు కాశీనాథ ఉపాధ్యాయుడు 1790 ప్రాంతమున రచించిన ధర్మసింధువు వంటి గ్రంథముల నిర్ణయమును బట్టి యుండును; ఆ నియమములను కూడ గణన సూత్రములలో చేర్పవలెను.

స్వామ్యము విషయమై అపోహలు పెక్కు. తిథ్యంతకాలము ప్రకృతిసిద్ధ సత్యము, అది యెవ్వరి సొత్తును గాదు. కాని ప్రకాశకుడు కూర్చిన వ్యాసములు, ఫలములు, పుటల కూర్పు అతనివే. భారతదేశమున గ్రంథకర్త మరణానంతరము 60 సంవత్సరములవరకు అట్టి రచనలకు హక్కు నిలుచును గాన, ఈ యేటి పంచాంగపు పుటలను చిత్రములుగా దింపి పంచిపెట్టుట ఉచిత వితరణము గాదు, అపహరణమే. పూర్వకాలపు ప్రతులను భద్రపరచి చూపుట మాత్రము పరిశోధకులకు మహోపకారము.

పక్షమును, అయనాంశను, స్థలమును, నిర్ణయ గ్రంథమును పేర్కొనని పంచాంగము ఎంత ఉచితముగా లభించినను ప్రమాణముగా స్వీకరింపదగినది కాదు.