కాటా మీది కొట్లాట

ఆ మంటలకు ఇంకో మొద్దు తొయ్యి, జర దగ్గరికి జరుగు. నిద్రొస్తున్నదని సాకులు చెప్పకు. చేతుల ఫోనున్నంత సేపు నీకు నిద్ర రాదని నాకెరికే. ఇయ్యాల గుద్దులాట ముచ్చట చెప్త. మీరు బాక్సింగ్ అంటరు సూడు, అది.

మన దిక్కు గుద్దులాట కొత్తదేం గాదు కొడుకా. బోధన్ పక్కన హున్సా అని ఊరున్నది. హోలీ నాడు పొద్దుగూకేటాళ్లకు ఊరోళ్లు రెండు జట్లయి, నడుమ తాడు కట్టి, ఒక చేత్తోని తాడు వట్టి ఇంకో చేత్తోని పిడిగుద్దులు గుద్దుకుంటరు. ఆట ఒడిసినంక కామదహనం బూడిద దెబ్బలకు రాసుకొని, అలాయ్‌బలాయ్ తీసుకొని ఇండ్లకు వోతరు. పోలీసోళ్లు వద్దంటనే ఉంటరు, వీళ్లు ఆడుతనే ఉంటరు.

ఇగ జాతరల కుస్తీలంటవా, కొబ్బరికాయ కుస్తీతోని షురువయ్యి వెండి కడెం కుస్తీతోని ఒడుస్తుండె. కొబ్బరికాయకు పోరగాండ్లు, కడానికి పైల్వాన్లు. మా ఊర్ల గెలిచిన పోరడు కాయ పలగ్గొట్టి ఓడినోనికి ఒక చిప్ప ఇచ్చేది. ఇయ్యకపోతే వాని తల్లే నాలుగు తగిలిచ్చేది. కాటా పెట్టి తూసినోడు మాత్రం లేడు. పెద్దమనిషి ఇద్దరిని పక్కపక్కన నిలవెట్టి, భుజాలు తడిమి, 'జోడు కుదిరింది' అంటే అయిపాయె. డప్పు మోగేది.

ఆగు, డప్పు ముచ్చటల వడి దారి తప్పుతున్న. నేను చెప్పదల్చుకున్నది కాటా పెట్టి కొట్టుకున్నోళ్ల సంగతి.

మన ఎలగందుల జిల్లా పోయి కరీంనగర్ జిల్లా అయింది 1905ల. అమెరికాల బాల్టిమోర్ అనే ఊర్ల జో గాన్స్ అని నల్లజాతి మనిషి అప్పటికే మూడేండ్ల సంది ప్రపంచ ఛాంపియన్. పుట్టింది 1874ల. చిన్నప్పుడు చేపల బజార్ల పని చేసిండు. అక్కడ ఒక పాడు ఆట ఉండె. నల్ల పోరగాండ్లను గుంపుగ బరిల దింపి, ఒక్కోపారి కండ్లకు గంతలు గట్టి, ఒకలనొకలు కొట్టుకుంటుంటే తెల్లదొరలు పైసలు ఇసిరేసి నవ్వేటోళ్లు. ఆండ్లకెల్లే ఎల్లిండు గాన్స్. కూటి కోసం కోటి విద్యలంటరు, కండ్లకు గంతలు గట్టుకునేది గూడ అండ్ల ఒకటాయె.

మనిషి బక్కపానం. ఆయన బరువు తరగతికి అప్పటి హద్దు 133 పౌన్లు, మన లెక్కల 60 కిలోల మీద చిటికెడు. వడ్ల బస్త 75 కిలోలు కదా, దానికన్న తక్కువే. పిట్ట కొంచెం కూత ఘనం. 1900ల ఫ్రాంక్ ఏర్న్ మీద ఛాంపియన్ పట్టం కోసం కొట్లాడి, కన్ను చిట్లి, పన్నెండో రౌండ్ల ఓడిపోయిండు. ఆడలేక మద్దెల ఓడన్నడని జనం ఎక్కిరిచ్చిండ్రు. 1902 మే 12న కెనడాల అదే ఏర్న్‌ను మొదటి రౌండ్లనే పడగొట్టిండు. ఎక్కిరిచ్చినోళ్ల నోళ్లు ఆ రోజు ఎక్కడ వెట్టుకున్నరో. అమెరికాల పుట్టిన నల్లజాతోళ్లల్ల గుద్దులాటల ప్రపంచ ఛాంపియన్ అయిన మొదటి మనిషి గాయనే.

పైస మాత్రం నిలువలే. ఆడేది గాన్స్, పైసల సంచి మేనేజర్ చేతిల. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే నడిచింది. 1906 వచ్చేసరికి ఛాంపియన్ చేతుల చిల్లి గవ్వ లేదు. గప్పుడే నెవాడా ఎడారిల గోల్డ్‌ఫీల్డ్ అనే బంగారు గనుల ఊర్ల కొట్లాట కుదిరింది. కుదిర్చినోడు టెక్స్ రికార్డ్. మొదలు పెట్టిన బహుమతి 30 వేల డాలర్లు. అండ్ల గమ్మతి జూడు, ఆ పైసను 20 డాలర్ల బంగారు బిళ్లలు చేసి బ్యాంకు అద్దాల వెనుక కుప్ప వోసి జనానికి సూపెట్టిండు. మన అంగట్ల జిలేబీలు పేర్చినట్టు.

ఎదురుగ బ్యాట్లింగ్ నెల్సన్. డెన్మార్క్‌ల పుట్టినోడు, మొండోడు, ఎంత గుద్దినా కింద వడడు. వాని మేనేజర్ ఇంకా గట్టోడు. ఛాంపియన్ గాన్స్‌కు 11 వేలట, నెల్సన్‌కు దానికి రెండింతలట. ఆ దినాలల్ల డాలరంటే మూడు కల్దార్ రూపాయలు, అంటే ఇంగ్లీషోళ్ల రూపాయలు. గాన్స్ పైసలు 33 వేల కల్దార్ అయితయి. మన నిజాం హాలీ సిక్కలు లెక్కవెడితే ఇంకా పెద్ద సంఖ్యే. అయినా పట్టం ఉన్నోనికి తక్కువ, అడుక్కునేటోనికి ఎక్కువ ఏంది? అవసరం ఎవలిదో వాళ్లదే కింది చెయ్యి.

దాంతోని గూడ నెల్సన్ మేనేజర్ కడుపు నిండలే. పోటీ నాడు గాన్స్ మూడు పార్లు కాటా ఎక్కాలె, ఆఖరుపారి బరి పక్కనే, బట్టలతోని, గ్లౌసులతోని, 133 దాటొద్దు అని షరతు వెట్టిండు. సెప్టెంబర్ 3, ఎడారి ఎండ. నీళ్లు తాగితే బరువు వెరుగుతది, తాగకపోతే కాళ్లు వణుకుతయి. నువ్వు పొద్దుటి చాయ్ ఆలిస్యమైతేనే ఇల్లు పీకి పందిరేస్తవు గద, ఇనుకో. గాన్స్ మూడు పార్లు ఎక్కిండు, మూడు పార్లు సరిపోయిండు.

అసలు ముసళ్ల పండుగ అటెన్క. 42 రౌండ్లు! ఇప్పుడు 12కే ఆపేస్తరు. రెండున్నర గంటల పైన ఎండల గుద్దుకున్నరు. 33వ రౌండ్ల గాన్స్ కుడిచెయ్యి విరిగింది. విరిగిందని ఎదుటోనికి తెల్వనియ్యకుండ ఇంకో తొమ్మిది రౌండ్లు నిలవడ్డడు. ఆఖరుకు నెల్సన్ నడుము కింద గుద్దిండు. రెఫరీ జార్జ్ సైలర్ అది తప్పు గుద్దని గాన్స్ గెలిచిండన్నడు. ఆ పైసలతోని బాల్టిమోర్‌ల హోటల్ పెట్టిండు, పేరు గోల్డ్‌ఫీల్డే. యూబీ బ్లేక్ అని తర్వాత పేరుమోసిన సంగీతకారుడు పడుచుతనంల అక్కడ పియానో వాయించిండు.

మూసీ పొంగి హైదరాబాద్ పట్నం మునిగింది 1908 సెప్టెంబర్ 28న. మా తాతలు లెక్కలన్నీ 'మూసీ తుఫాను ముందు, ఎనుక' అని చెప్పేటోళ్లు. ఆ ఏడు జులై 4న నెల్సన్ చేతిల గాన్స్ ఓడిండు. సెప్టెంబర్ 9న మల్లొక్కపారి ఓడిండు. అప్పటికే క్షయ లోపలికెల్లి తింటున్నది. బరువు కోసం ఒళ్లు ఎండబెట్టుకునుడే చంపిందని అన్నోళ్లున్నరు. రోగం రోగమే, కని ఎండిన ఒంటికి రోగంతోని కొట్లాడే బలం ఏడికెల్లి వస్తది? దానికి పనిజేసే మందు దొరికింది 1940లల్ల. గాన్స్ 1910 ఆగస్టు 10న పోయిండు. 35 ఏండ్లు.

కాటా మాత్రం పోలే. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022ల ఇస్తాంబుల్‌ల 52 కిలోల తరగతిల ప్రపంచ ఛాంపియన్ అయింది గద. 2024 ఒలింపిక్స్‌ల ఆ తరగతే లేకుండె. 50 కిలోలకు దిగాల్సొచ్చింది. ఆ పారిస్ ఒలింపిక్స్‌ల మొదటి ఆట గెలిచింది, రెండోదాంట్ల చైనా పిల్ల వూ యూ చేతిల ఓడింది. టీవీ ముందు కూసున్న మా ఇంటి ఆడోళ్లు 'పిల్లకు ఇంత బువ్వ పెట్టకపోతిరి' అని ఎవలనో తిట్టుడు. ఎవలనంటే వాళ్లకు గూడ తెల్వది.