ఉత్తరంల పోయిన కోడు

ఇట్ల దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, చలి బాగున్నది. ఇయ్యాల మీరు రాసిన ప్రోగ్రాం ఒక్క మీట నొక్కితే దునియా మొత్తం తిరిగొస్తది. హైదరాబాద్ కాచిగూడల కూసున్నోడు రాసిన నాలుగు లైన్ల కోడు ఫిన్లాండ్ దాక ఎట్ల పోయేదో చెప్త, ఇనుండ్రి.

మన దేశంల మామూలు జనానికి ఇంటర్నెట్టు వచ్చింది 1995 ఆగస్టు 15న, అప్పటి సర్కారు కంపెనీ వీఎస్ఎన్ఎల్ తెచ్చింది. అంతకుముందు 1986ల మొదలైన ఎర్నెట్ ఉండె గని, అది పెద్ద పెద్ద చదువుల సంస్థలకే. విద్యార్థులకైతే వీఎస్ఎన్ఎల్ తక్కువ ధరకు షెల్ అకౌంట్ ఇచ్చేది. బొమ్మలు రావు, మౌసుతోటి పనిలేదు. నల్లటి తెర, దాని మీద అక్షరాలు, గంతే. ఉత్తరాలు చదువుటానికి పైన్, పేజీలు చూసుటానికి లింక్స్.

కాచిగూడ నుంచి సైకిళ్ళ మీద నల్లకుంట, విద్యానగర్ దాటి ఉస్మానియా క్యాంపస్‌కు పోయెటోళ్ళం. తార్నాకల కిరాయి రూములుండె, ఎవల రూంల మోడెం ఉంటే రాత్రి అందరం ఆడనే. లినక్స్ ఆపరేటింగ్ సిస్టం సీడీ కంప్యూటర్ పత్రికతోటి వచ్చేది. ఆ ఒక్క సీడీ చేతులు మారుకుంట అందరి మిషన్లల్లకు ఎక్కేది.

1996 జూన్‌ల లినక్స్ 2.0 వచ్చింది. దాని సోర్సు కోడు కుదించినంక గూడ ఐదారు ఎంబీ. సెకనుకు 28.8 కిలోబిట్ల మోడెం మీద, లైను ఒక్కసారి గూడ తెగకుంటనే అరగంట పడ్తది. అప్పటి మన లైన్లు అంతసేపు నిలుస్తయా? మరి అందుల నువ్వు ఒక తప్పు పట్టి సరిజేసినవనుకో, అంత సోర్సు మళ్ళ పంపుతవా? పంపవు. మారిన ముక్క ఒక్కటే పంపుతవు. అదే ప్యాచ్.

ప్యాచ్‌ల మాయ ఏం లేదు. పాత ఫైలును, కొత్త ఫైలును పక్కపక్కన పెట్టి తేడా తీసే డిఫ్‌ను 1970లల్ల బెల్ ల్యాబ్స్‌ల డగ్లస్ మెకిల్రాయ్ చేసిండు. తీసేసిన లైను ముందు మైనస్, కలిపిన లైను ముందు ప్లస్. చుట్టున్న రెండు మూడు లైన్లు గూడ అందుల ఉంటయి, ఎక్కడ అతికియ్యాల్నో ఆనవాలుకు. ఆ తేడాను అవతలోని ఫైలుకు అతికించే ‘ప్యాచ్’ ప్రోగ్రాంను 1985ల లారీ వాల్ రాసిండు. ఇగ పనెంత? మెయిల్ కమాండ్ కొట్టి, డిఫ్ ఫైలును ఉత్తరంల పెట్టి పంపుడే. కొన్ని కేబీల ఉత్తరం, కండ్లు మూసి తెరిచేలోపల పోయేది.

అటు లినక్స్‌ను మొదలుపెట్టిన ఫిన్లాండ్ మనిషి లైనస్ టోర్వాల్డ్స్ ఏండ్ల తరబడి ఆ ఉత్తరాలు చదివి, నచ్చినయి తన కోడుల కలుపుకునేటోడు. 2005 ఏప్రిల్‌ల, కోడుల మార్పుల లెక్క పెట్టే గిట్ ప్రోగ్రాం రాసినప్పుడు గూడ ఆ ఉత్తరాల పద్ధతిని వదలలే. గిట్ ఫార్మాట్-ప్యాచ్ అంటే మార్పు ఉత్తరం రూపంల తయారైతది. గిట్ సెండ్-ఈమెయిల్ అంటే పోతది. అవతలోడు గిట్ ఏఎం అంటే పేరు, తారీఖు, కారణంతోటి సహా చేరిపోతది. ఈ సెండ్-ఈమెయిల్ రాసింది పెర్ల్ భాషల. ప్యాచ్ చేసిన లారీ వాల్‌దే ఆ పెర్ల్ గూడ.

నేను పదే పదే చెప్పేది ఈ ఉత్తరం నేర్పే తీరు గురించి. ఒక్క ప్యాచ్‌ల ఒక్కటే మార్పు ఉండాలె. పైన, ఏం మార్చినవో ఒక లైను. దాని కింద, ఎందుకు మార్చినవో నాలుగు మాటలు. ఆఖరుకు సైన్డ్-ఆఫ్-బై అని నీ పేరు. 2004ల లినక్సోళ్ళు పెట్టుకున్న నియమం అది: ఈ కోడు ఇచ్చే హక్కు నాకున్నదని పేరు పెట్టి మాటిచ్చుడు. దాని కింద గిట్ పెట్టే మూడు గీతల కింద రాసింది మాత్రం గిట్ చరిత్రల చేరదు. పోయినసారికి ఇప్పటికి ఏం మార్చినవో అక్కడ చెప్పుకోవాలె.

జవాబు నువ్వు రాసిన లైను కిందనే వస్తది. ఈ పాయింటర్ ఖాళీగ వస్తే ఏం జేస్తవ్, ఈ తాళం ఎక్కడ ఇడుస్తవ్ అని అడుగుతరు. చిన్నబోవద్దు. నీ కోడును లైను లైను చదివిండంటే ఆ మనిషి నీకు తన పొద్దు ఇచ్చిండు. సరిజేసి, వీ2 అని రాసి మళ్ళ పంపాలె. పెద్ద కంపెనీ ఇంజనీరైనా, తార్నాక పిల్లగాడైనా అదే వరుసల నిలబడాలె. అక్కడ చదివేది నీ ఊరును కాదు, నీ కారణాన్ని.

అప్పట్ల ఒక్కటే లోటుండె. ఉత్తరాల దారి ఏడు బిట్లది, ఇంగ్లిష్ అక్షరాలే సక్కగ పోయేటియి. తెలుగు రాయాల్నంటే రోమన్ లిపిల, ఆర్‌టీఎస్ పద్ధతిల రాసెటోళ్ళం. అమెరికాల రైస్ విశ్వవిద్యాలయంల మనోళ్ళు తయారుచేసిన పద్ధతి అది. ఇప్పుడు ఎన్‌కోడింగ్ చెప్పకుంట ప్యాచ్‌ల తెలుగు అక్షరం కనవడితే సెండ్-ఈమెయిలే అడుగుతది, ఏ ఎన్‌కోడింగ్ అని రాయాలె అని. యూటీఎఫ్-8 అంటే సాలు, నీ పేరు తెలుగులనే చెక్కుచెదరకుండ చేరుతది.

అందుకే చెప్తున్న బిడ్డా, చిన్న తప్పు దొరికినా ఊకోకుండ్రి. సరిజేసి ముందుగాల మీ చిరునామాకే పంపుకొని చూడుండ్రి, ట్యాబ్‌లు చెడిపోయినయా, లైన్లు ఇరిగినయా అని. సాదా అక్షరాలల్ల, కారణం రాసి, పేరు పెట్టి అసలు చోటుకు పంపుండ్రి. ఎవలో ముక్కూమొహం తెలువనోళ్ళు పదేండ్లకు ఆ లైను చూసి, ఇది ఇట్ల ఎందుకున్నదని ఎతికితే, వాళ్ళకు దొరికే జవాబు మీరు రాసిన ఆ నాలుగు మాటలే.