యుద్ధదేవత చెయ్యి

ప్రతి జాతీ తన పురాణాల్లో తన సంఘచరిత్రను దాచుకుంటుంది. స్కాండినేవియా యుద్ధదేవత త్యూర్ కథను ఈ దృష్టితోనే పరిశీలించదలచాను.

సాహిత్య విద్యార్థిని గనుక ముందు మాటతో ప్రారంభిస్తాను. త్యూర్ శబ్దమూ, సంస్కృతంలోని 'దేవ' శబ్దమూ ఒకే మూలం నుంచి పుట్టినవి. రోమన్లు ఇతణ్ణి తమ మార్స్‌తో సమానం చేశారు. అందుకే మార్స్ పేర వెలసిన వారం ఇంగ్లీషులో 'ట్యూస్‌డే' అయింది; మనకది మంగళవారం.

ఇతడు వట్టి కత్తి దేవుడేనా? బ్రిటన్‌లో హేడ్రియన్ గోడను ఆనుకొని ఉన్న హౌస్‌స్టెడ్స్ కోటలో, రోమన్ సైన్యంలోని జర్మానిక్ సైనికులు క్రీ. శ. 3వ శతాబ్దంలో నిలిపిన రాతిపీఠం మీద 'మార్స్ థింక్సస్' అని చెక్కి ఉన్నది. 'థింగ్' అంటే స్వతంత్రులైన పురుషులు కూడి తగవులు తీర్చుకునే సభ. ఈ సభాదేవత త్యూరేనని పలువురు పండితుల అభిప్రాయం. ఆ సభలో బానిసకు నోరు లేదు. కనుక దాన్ని స్వర్ణయుగమని కీర్తించనక్కరలేదు. అయినా యుద్ధదేవతకు న్యాయంతో పొత్తు ఉన్నదని ఆ రాయి చెబుతున్నది.

ఐస్‌లాండ్ కవి స్నోర్రి 1220 ప్రాంతంలో కూర్చిన 'ఎడ్డా'లో అసలు కథ ఉన్నది. ఫెన్రిర్ అనే తోడేలు పెరుగుతుంటే దేవతలకు భయం పట్టుకున్నది. రెండుసార్లు అది సంకెళ్లు తెంచుకున్నది. మూడోసారి పట్టుదారంలాంటి మెత్తని మాయబంధం తెచ్చారు. తోడేలు అనుమానించి, మోసం లేదనటానికి హామీగా ఒకరు తన నోట్లో చెయ్యి పెట్టాలన్నది. త్యూర్ ఒక్కడే పెట్టాడు. బంధం బిగిసింది. దేవతలందరూ నవ్వారు, ఒక్క త్యూర్ తప్ప. అతని చెయ్యి పోయింది.

ఆ నవ్వులోనే కథ సారమంతా ఉన్నది. మోసం అందరిదీ, మూల్యం ఒక్కడిది. పాలకుల మాటకు పూచీపడి యుద్ధాల్లో అవయవాలు పోగొట్టుకున్న సామాన్యుల చరిత్ర దీనికి భిన్నమైనదా? త్యూర్ సంధి కుదిర్చేవాడు కాడని స్నోర్రి అంటాడు. హామీ బూటకమని తేలిన తరువాత అతని సంధిమాట నమ్మేదెవరని నా ప్రశ్న.

స్నోర్రి స్వయంగా ఐస్‌లాండ్ మహాసభలో ధర్మశాస్త్రం వినిపించే అధికారి. 1241లో నార్వే రాజు పక్షంవారి చేతుల్లో హతుడైనాడు. 1262లో ఐస్‌లాండ్ ఆ రాజుకు లొంగడం మొదలైంది. ఆనాటికే పురాణంలో పెద్దరికం రాజుల దేవుడైన ఓడిన్‌కు దక్కింది.

20వ శతాబ్దంలో నాజీలు త్యూర్ లిపిచిహ్నాన్ని తమ తుఫాను దళాల శిక్షణాలయాల బిళ్లగా చేసుకున్నారు. నేటి నవనాజీలూ దాన్ని వదల్లేదు. బాణం వంటి ఆ గుర్తును తీసుకున్నారు గాని, తెగిన చేతిని తీసుకోలేదు. పురాణాన్ని ఫాసిస్టుల పాలు చేయటం మన పని కాదు. ఆ తెగిన చెయ్యి ఎవరిదో, నవ్వినవారెవరో విద్యార్థులకు చూపించటం మన పని.